మాజూర్ భార్యతో దూర ప్రయాణం: షరీఅత్ ఇచ్చిన సౌలభ్యాలు, మనం చేసుకోవలసిన ఏర్పాట్లు

 

ఫలక్‌నుమాలో మేముండే బస్తీకి చెందిన ఒక సోదరుడు, వేసవి సెలవులకు ముందు ఒక రాత్రి ఇషా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల దగ్గర నన్ను ఆపి ఒక మస్అలా అడిగాడు. ఆయన భార్య ఆరేళ్ళ క్రితం మిద్దె మెట్ల మీది నుంచి పడిపోయింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. అప్పటి నుంచి ఆమె లోకమంతా ఒక మంచం, ఒక చక్రాల కుర్చీ. పిల్లలు సెలవుల్లో ఎక్కడికైనా తీసుకుపొమ్మని ఏడుస్తున్నారట. చెన్నైలో ఆయన చిన్నాన్న కొడుకు ఉంటాడు. "హజ్రత్, ఆమెను వారం రోజులు జడ్చర్లలో పుట్టింట్లో ఉంచి, పిల్లల్నీ అమ్మీనీ తీసుకొని నేను వెళ్ళి రావచ్చా? ఇందులో గునాహ్ ఏమైనా ఉందా?" అన్నది ప్రశ్న.

నేను నిలబడినచోటే జవాబు చెప్పేశాను. ఆమె బాగోగులు చూసేవారు ఉండి, ఖర్చులకు లోటు లేకుండా ఇచ్చి వెళితే జాయిజే అన్నాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి భోజనం దగ్గర ఈ సంగతి చెబితే నా భార్య ఒకే మాట అడిగింది: "ఆమె ఏమన్నారు?" నేను అడగలేదు. ఆయన కూడా తన భార్యను అడగలేదని మరునాడు తెలిసింది. మదరసాలో మాకు ఫిఖ్హ్ బోధించిన ఉస్తాద్ గారు, ఒక్క పక్షం మాట విని పలికిన జవాబు సగం జవాబేనని పదే పదే హెచ్చరించేవారు. పుస్తకంలో మస్అలా సరిగానే చూశాను గాని, అది ఎవరి జీవితానికి సంబంధించినదో ఆ మనిషినే మరచిపోయాను. అల్లాహ్ నన్ను మన్నించుగాక!

ఆ సోదరుణ్ణి పిలిచి, ముందు ఇంట్లో అడిగి రమ్మన్నాను. ఆయన అడిగితే ఆ రాత్రి ఆమె ఏమీ మాట్లాడలేదట. తెల్లవారి ఫజ్ర్ తర్వాత, "నన్ను కూడా అడుగుతారని అనుకోలేదు. నాకు సముద్రం చూడాలని ఉంది" అన్నదట. జడ్చర్లలో పుట్టి ఫలక్‌నుమాకు కోడలిగా వచ్చిన ఆమె జీవితంలో ఎన్నడూ సముద్రం చూడలేదు.

అయితే ఆయన తల్లి ఒప్పుకోలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆరేళ్ళుగా కోడలికి అన్నం వండి పెడుతున్నది ఆమే. "మాజూర్‌కు అల్లాహ్ మాఫీ ఇచ్చాడు కదా బాబూ! ఇంట్లో కూర్చొని జిక్ర్ చేసుకుంటే సవాబు. రైలులో నలుగురి కళ్ళ ముందు మోసుకొని పోతే పర్దా ఏం కావాలి, ఇజ్జత్ ఏం కావాలి?" అన్నది. ఇదే మాట మన ఇళ్ళలో ఎన్నోచోట్ల వినిపిస్తుంది. అందుకే ఈ నెల పాఠానికి ఈ విషయాన్నే తీసుకున్నాను.

మినహాయింపు అంటే నిషేధం కాదు

దివ్య ఖుర్ఆన్‌లో రెండుచోట్ల, సూరా నూర్ 61వ ఆయతులోను, సూరా ఫత్హ్ 17వ ఆయతులోను, అంధునిపైన, కుంటివానిపైన, వ్యాధిగ్రస్తునిపైన దోషం లేదని అల్లాహ్ తెలియజేశాడు. సూరా ఫత్హ్‌లో విషయం యుద్ధానికి సంబంధించినది. వెళ్ళలేకపోయినవారిని ఎవరూ నిందించకూడదని దాని భావం. సూరా నూర్‌లో విషయం భోజనానికి సంబంధించినది. దాని అవతరణ సందర్భాలుగా ముఫస్సిర్లు అనేక సంగతులు పేర్కొన్నారు. వాటిలో ఒకటేమంటే, వికలాంగులు ఆరోగ్యవంతుల సరసన కూర్చొని తినడానికి సంకోచించేవారు, తమను చూసి ఇతరులు అసహ్యించుకుంటారేమోనని వెనక్కి తగ్గేవారు. ఆ సంకోచాన్ని ఈ ఆయతు తొలగించింది. గమనించండి! వారిని నలుగురిలో కూర్చోబెట్టిన ఆయతును పట్టుకొని మనం వారిని నలుగురి నుంచి వేరుచేస్తున్నాం.

మినహాయింపును అరబ్బీలో రుఖ్సత్ అంటారు. మాజూర్ మీది నుంచి భారం దించడానికి వచ్చినది అది. దానిని వాడుకోవాలా వద్దా అన్నది మాజూర్ ఇష్టం. ఇంట్లోవాళ్ళు దానిని చేతిలోకి తీసుకొని, నీకు మాఫీ ఉంది గనుక నువ్వు కదలకూడదు అనడానికి ఆధారం లేదు.

దీనికి హజ్రత్ అమ్ర్ బిన్ జమూహ్ (రజి) గారి ఉదంతమే చాలు. ఆయన మదీనా వాసి, బనూ సలమా తెగ పెద్దల్లో ఒకరు. కాలు బాగా కుంటు. ఆయనకు నలుగురు కొడుకులు, నలుగురూ దైవప్రవక్త (స) వెంట యుద్ధాలకు వెళ్ళేవారు. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహద్ యుద్ధం వచ్చినప్పుడు ఆయన తానూ బయలుదేరతానన్నారు. కొడుకులు అడ్డుపడ్డారు. అల్లాహ్ మీకు మినహాయింపు ఇచ్చాడు, మీ బదులు మేమున్నాం కదా అన్నారు. వారు ప్రేమతోనే అన్నారు. ఆయన తిన్నగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి ఫిర్యాదు చేశారు. ప్రవక్త (స) ముందు ఆయనతో, నీకు మినహాయింపు ఉన్న మాట నిజమే, జిహాద్ నీ మీద విధి కాదు అని స్పష్టం చేశారు. తర్వాత కొడుకుల వైపు తిరిగి, ఆయనను ఆపకండని చెప్పారు. ఆయన వెళ్ళారు, ఉహద్‌లో షహీద్ అయ్యారు.

ఇక్కడ రెండు మాటలున్నాయి. మినహాయింపు ఉందన్న మాట మాజూర్‌తో చెప్పబడింది. ఆపవద్దన్న మాట ఇంటివాళ్ళతో చెప్పబడింది. మనం ఈ రెంటినీ తారుమారు చేశాం. అంతటి ప్రమాదమున్న చోటుకే ఆయన ఇష్టాన్ని కాదనలేదంటే, సముద్రం చూడాలన్న ఒక ఇల్లాలి కోరికను మనం ఏ ఆధారంతో కాదంటాం?

ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. భార్యను విహారయాత్రకు తీసుకువెళ్ళడం భర్తపై వాజిబ్ కాదు. నఫఖాలో తిండి, బట్ట, నివాసం వస్తాయి గాని చెన్నై రాదు. కాని సూరా నిసా 19వ ఆయతులో భార్యలతో మంచిగా మసలుకోవాలన్న ఆదేశం ఉంది. అందరినీ తీసుకెళ్ళి, ఒక్కరిని ఆమె కాళ్ళ కారణంగా, అడగనైనా అడగకుండా వదిలిపెట్టడం మంచిగా మసలుకోవడం కిందికి వస్తుందా? వడ్డీకి అప్పు తెచ్చి యాత్రకు పోవడం మాత్రం ఎవరికీ తగదు. డబ్బు లేకపోతే ఆగాలి, ఆ మాట ఆమెకు చెప్పి ఆగాలి. ఇక ఆమె తనంతట తాను రానంటే బలవంతపెట్టకూడదు. జబ్బు ముదిరి ఉంటే భర్త ఇంట్లో ఉండిపోవడమే మేలు. బద్ర్ సమయంలో హజ్రత్ ఉస్మాన్ (రజి) జబ్బుపడిన తమ భార్య హజ్రత్ రుఖయ్యా (రజి) సేవలో మదీనాలో ఉండిపోయారు. దైవప్రవక్త (స) ఆయనను యుద్ధంలో పాల్గొన్నవారితో సమానంగా లెక్కించి వాటా ఇచ్చారు.

దైవప్రవక్త (స) భార్యలతో ఎలా ప్రయాణించారు?

దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు తమ సతీమణుల పేర్లతో చీటీలు తీసేవారని సహీహ్ బుఖారీలో ఉంది. చురుకైనవారిని, ఇబ్బంది పెట్టనివారిని ఏరుకొనే పద్ధతి అది కాదు.

ఖైబర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు హజ్రత్ సఫియ్యా (రజి) ఒంటె ఎక్కడానికి ప్రవక్త (స) ఒంటె పక్కన కూర్చొని తమ మోకాలు పెట్టారు. ఆమె ఆ మోకాలి మీద పాదం మోపి ఎక్కారు. ఆమె కూర్చొనే చోట తమ దుప్పటిని మడతపెట్టి మెత్తగా అమర్చారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. భార్యను అందరి ముందు రైలు ఎక్కించడానికి సిగ్గుపడే సోదరులు ఈ హదీసును ఒకసారి గుర్తు చేసుకోవాలి. అప్పుడు చుట్టూ ఉన్నది ఒక బోగీ జనం కాదు, సైన్యమంతా ఉంది.

హజ్జ్ వంటి ఆరాధనలో కూడా ఇదే తీరు. హజ్రత్ సౌదా (రజి) శరీరం బరువైనవారు, నెమ్మదిగా నడిచేవారు. ముజ్దలిఫా నుంచి జనసమ్మర్దానికి ముందే బయలుదేరడానికి ఆమె అనుమతి కోరితే ప్రవక్త (స) అనుమతించారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అస్వస్థతగా ఉన్నానని చెప్పుకొన్నప్పుడు, వాహనంపై కూర్చొని జనానికి వెనుకగా తవాఫ్ చేయమన్నారు. ఇంట్లో ఉండిపొమ్మనలేదు. దారిని, వేళను, వాహనాన్ని ఆమెకు అనువుగా మార్చారు.

ఇక తయమ్ముమ్ సంగతి. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) కంఠహారం తెగి పడిపోయింది. దానిని వెతకడానికి ప్రవక్త (స) సైన్యాన్నే నిలిపివేశారు. అక్కడ నీళ్ళు లేవు. జనం హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్దకు వచ్చి, మీ అమ్మాయి చేసిన పని చూశారా అని మొత్తుకున్నారు. ఆయన కూతురిని మందలించారు కూడా. ఆ తర్వాతే తయమ్ముమ్ ఆయతు అవతరించింది. ఈనాటికీ ఉమ్మత్‌లోని ప్రతి రోగి వాడుకొంటున్న సౌలభ్యం, ఒక భార్య కోసం ప్రయాణం ఆలస్యమైన రోజున వచ్చింది. దారిలో మీ ఇంట్లోవాళ్ళ వల్ల ఒక గంట ఆలస్యమైతే విసుక్కొనే ముందు ఇది తలచుకోండి.

ఒంటెను కట్టి తవక్కుల్ చేయడం

ఒంటెను కట్టి తవక్కుల్ చేయాలా, వదిలేసి తవక్కుల్ చేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టు, తర్వాత అల్లాహ్‌పై భారం వేయి అని దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఉంది. మాజూర్‌తో ప్రయాణంలో ఒంటెను కట్టడమంటే ఏమిటో ఈ కుటుంబంతో కలిసి నేనూ నేర్చుకున్నాను. మదరసాలో ఇది ఎవరూ చెప్పరు.

మొదటిది రైలు ఎంపిక. వారు నాంపల్లి నుంచి తాంబరం వెళ్ళే చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌ను ఎంచుకున్నారు. కారణం పేరు మీద ప్రేమ కాదు. బండి బయలుదేరే చోట ఎక్కితే తొందర ఉండదు, బండి ఆఖరుగా ఆగే చోట దిగితే అది కదిలిపోతుందన్న భయం ఉండదు. మధ్య స్టేషన్లలో బండి కొద్ది నిమిషాలే ఆగుతుంది. ఆ కాసేపట్లో చక్రాల కుర్చీని, మనిషిని, సామాన్లను, పిల్లల్ని దించడం ఎంత కంగారో అనుభవించినవారికి తెలుసు. తాంబరం నుంచి సముద్రతీరం దూరమే, టాక్సీకి డబ్బులవుతాయి. అయినా ఆ ఖర్చు దండగ కాదని నా అభిప్రాయం. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్ళు అక్కడికి మారాయి గనుక, ఏ బండి అయినా సరే టికెట్టు మీద స్టేషను పేరు చూసుకోవాలి. ఫలక్‌నుమా నుంచి లోకల్ రైలు ఉంది కదా అని దానిలో బయలుదేరదామనుకోవద్దు. అది ఆగేది కొద్ది క్షణాలే. ఆటోనో కారో మేలు.

రెండవది టికెట్టు. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వికలాంగులకు రైల్వేలో రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో ఛార్జీలో 75 శాతం, ఫస్ట్, సెకండ్ ఏసీల్లో 50 శాతం తగ్గిస్తారు. వెంట వెళ్ళే ఒక తోడు మనిషికి కూడా అంతే రాయితీ ఇస్తారు. 2020లో కోవిడ్ సమయంలో వృద్ధుల రాయితీ ఆపేశారు గాని వికలాంగుల రాయితీ కొనసాగింది. దీనికి ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రంతో రైల్వే వారి దివ్యాంగ గుర్తింపు కార్డు చేయించుకోవాలి. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు గనుక ముందే మొదలుపెట్టాలి. స్లీపర్ తరగతిలో దివ్యాంగుల కోటా కింద 4 బెర్తులు ఉంటాయి, రెండు కిందివి, రెండు మధ్యవి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్లు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు కాబట్టి ఆ రోజు లెక్కపెట్టుకొని ఉండాలి. చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు ఒక చివర వికలాంగుల కోసం వెడల్పు తలుపు, వెడల్పు మరుగుదొడ్డి ఉన్న బోగీ కూడా ఉంటుంది. మామూలు బోగీలో చక్రాల కుర్చీ నడవలోకి పోదు.

రాయితీ గురించి ఒక మాట. భార్య పేరున రాయితీ టికెట్టు తీసి తోడు స్థానంలో మరొకరిని పంపడం, ఒంటరిగా ప్రయాణించగలిగినవారు వెంట తోడు కావాలని రాయించుకోవడం అబద్ధమూ ఖియానతూ అవుతాయి. ఆ రాయితీ ఒక అమానత్.

మూడవది బస. ఆ చిన్నాన్న కొడుకు ఇల్లు రెండవ అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. చుట్టాల ఇంట్లో దిగకపోతే బాధపడతారని ఈ సోదరుడు మొహమాటపడ్డాడు. రోజుకు నాలుగుసార్లు ఆమెను మెట్ల మీద మోయించి, ప్రతిసారీ ఆమెను అపరాధిలా చూడటం కంటే లాడ్జిలో దిగి, చుట్టాలను చూసి రావడం మేలు. లాడ్జి వాళ్ళను "మెట్లు ఉన్నాయా" అని అడిగితే లేవనే అంటారు. వాళ్ళ దృష్టిలో ఒక్క మెట్టు మెట్టు కాదు. కాబట్టి ముందు తలుపు, లిఫ్టు, స్నానాల గది తలుపు టేపుతో కొలిచి వాట్సాప్‌లో ఫోటో పంపమని అడగాలి. మీ చక్రాల కుర్చీ ఎంత వెడల్పో ఇంట్లో కొలుచుకొని ఉండాలి. మరుగుదొడ్డి కమోడ్‌దా కాదా అన్నది సిగ్గుపడకుండా అడగాలి. ధర్మం విషయంలో సిగ్గు అడ్డు రాకూడదంటాం, ఇదీ ధర్మమే, తహారత్ దీని మీదే ఆధారపడి ఉంది.

నాలుగవది శరీరం. స్పర్శ లేనివారికి ఒకే చోట ఒత్తిడి పడితే పుండ్లు పడతాయి, నొప్పి తెలియదు కనుక ముదిరేదాకా గమనించరు. పడుకున్నప్పుడు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, కుర్చీలో ఉన్నప్పుడు మధ్య మధ్య బరువు ఎత్తి ఊపిరి తగలనివ్వాలి. మెత్తటి దిండు, నీళ్ళు దిగని పరుపు గుడ్డ, మందులు రెండు సంచుల్లో, డాక్టరు చీటీ, ఇవన్నీ చేతి సామానులో ఉండాలి. రైలులో బాత్‌రూమ్‌కు పోవలసి వస్తుందని నీళ్ళు తాగడం మానేసే స్త్రీలు చాలామంది ఉన్నారు. మూత్రనాళ సమస్యలున్నవారికి అది ప్రమాదం. కాబట్టి బెడ్‌పాన్, దుపట్టాతో పరదా కట్టే తాడు, ఇవి తీసుకెళ్ళాలి.

తహారత్, నమాజు

షరీఅత్ ప్రయాణాన్నీ వైకల్యాన్నీ రెంటినీ పరిగణించింది. నేను హనఫీ ఫిఖ్హ్ ప్రకారం రాస్తున్నాను. వేరే మస్లక్ వారు తమ ఉలమాలను అడగాలి.

చెన్నై 600 కిలోమీటర్లకు పైగా దూరం. ఖస్ర్‌కు కావలసిన దూరం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. కాబట్టి జుహ్ర్, అస్ర్, ఇషా రెండేసి రకాతులే. కాని ఊరి ఇళ్ళు దాటిన తర్వాతే ఖస్ర్ మొదలవుతుంది. నాంపల్లి స్టేషనులో చదివితే పూర్తిగా చదవాలి. అక్కడ 15 రోజులు ఉండే నియ్యత్ లేకపోతే చెన్నైలో కూడా ఖస్రే. స్థానిక ఇమాము వెనుక చదివితే నాలుగూ చదవాలి. మెరీనాకు దగ్గరలో ట్రిప్లికేన్‌లో ఆర్కాటు నవాబు కట్టించిన 1795 నాటి వాలాజా మస్జిద్ ఉంది. ముసాఫిర్‌పై జుమా విధి కాకపోయినా అక్కడ జుమా చదివే అవకాశం దొరికితే వదులుకోకూడదు.

హనఫీల వద్ద అరఫాత్, ముజ్దలిఫాలలో తప్ప రెండు నమాజులను ఒకే వేళలో కలపడం లేదు. అయితే జుహ్ర్‌ను దాని చివరి వేళకు జరిపి, అస్ర్‌ను తొలి వేళలో చదవవచ్చు. మాజూర్‌ను ఒకసారి లేపి కూర్చోబెట్టి రెండు నమాజులూ చదివించడానికి ఇది ఎంతో సులువు.

నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పక్కకు తిరిగి పడుకొని చదవాలని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. రుకూ కంటే సజ్దాకు తల కొంచెం ఎక్కువ వంచితే చాలు. చక్రాల కుర్చీలో చదవవచ్చు. దిండు ఎత్తి నుదుటికి తగిలించనక్కర్లేదు. మన వైపు ఖిబ్లా పడమర దిక్కు. బండి మలుపు తిరిగితే సాధ్యమైతే తామూ తిరగాలి, శరీరం సహకరించకపోతే ఎటువైపు వీలైతే అటు.

వుజూ సంగతి. బోగీలో నీళ్ళున్నాయి కనుక, తెచ్చి పోసేవారు కూడా ఉన్నారు కనుక వుజూయే చేయాలి. నీళ్ళు తగిలితే జబ్బు పెరుగుతుందన్న భయం ఉంటేనే తయమ్ముమ్. భర్త సీసాతో నీళ్ళు పోస్తూ కింద ఒక గిన్నె పెడితే సరిపోతుంది. తబూక్ ప్రయాణంలో దైవప్రవక్త (స) వుజూ చేసుకొంటుండగా హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) నీళ్ళు పోశారు. అప్పుడే ప్రవక్త (స) మేజోళ్ళపై మసహ్ చేశారు. పూర్తి వుజూతో తోలు మేజోళ్ళు (ఖుఫ్ఫైన్) తొడిగిస్తే, ముసాఫిర్‌కు మొదటిసారి వుజూ పోయినప్పటి నుంచి మూడు రోజులు, మూడు రాత్రుల వరకు మసహ్ సరిపోతుంది. కదలలేని కాళ్ళను కడిగించడం ఆమెకూ భారమే, మనకూ భారమే. అయితే రోజూ ఒకసారి విప్పి, చర్మం కందిందేమో చూడటం మరచిపోవద్దు. విప్పితే పాదాలు కడగాలన్నదీ గుర్తుంచుకోవాలి.

మూత్రం గొట్టం పెట్టినవారు, మూత్రం ఆపుకోలేనివారు షరయీ మాజూర్ లెక్కలోకి వస్తారు. ఒక నమాజు వేళంతటిలో వుజూ చేసి ఫర్జ్ చదివేపాటి విరామమైనా దొరకని స్థితి ఒకసారి ఏర్పడితే, ఆ తర్వాత ప్రతి వేళకు ఒక వుజూ చేస్తే చాలు, ఆ వేళలో కారినా వుజూ పోదు. వేళ గడిచిపోతే పోతుంది. ఎవరి స్థితి వారిది గనుక, బయలుదేరక ముందే దగ్గరి ముఫ్తీ గారికి దాపరికం లేకుండా చెప్పి అడగాలి. స్త్రీలు అడగలేకపోతే భర్త అడగాలి. "ఇలాంటివి ఎలా అడుగుతాం" అనుకొని నమాజులే వదిలేసినవారు నాకు తెలుసు.

పర్దా ప్రశ్న

అత్తగారి ఆందోళనలో నిజం లేకపోలేదు. దానికి జవాబు ఇంట్లో ఉంచడం కాదు, ఏర్పాటు చేయడం. భార్యాభర్తల మధ్య సత్ర్ అడ్డం లేదు. శౌచం, బట్టలు మార్చడం వంటి సేవలు భర్తే చేయడం అన్నిటికంటే శుభ్రమైన మార్గం. కొందరు మగవాళ్ళు ఇది ఆడవాళ్ళ పని అనుకొని కూతుళ్ళ మీద వేస్తారు. భర్త ఉండగా ఎదిగిన కూతురితో తల్లి శౌచం చేయించడం తగదు. అది ఇద్దరికీ ఇబ్బంది.

రైలు ఎక్కించేటప్పుడు భర్త ఒక్కడే ఎత్తలేకపోతే, మనిషిని కాదు, కుర్చీని ఎత్తించాలి. కుర్చీకి పట్టీతో ఆమెను భద్రంగా కట్టి, పైన చాదర్ కప్పి, పోర్టర్లు కుర్చీ కమ్మీలను పట్టుకొంటే పరాయి చేయి తగలవలసిన అవసరమే రాదు. అనుకోకుండా తగిలినా అది జరూరత్, ఆ మేరకు దోషం లేదు. మోసే ముందు, ఎలా ఎత్తితే నీకు బాగుంటుందని ఆమెనే అడగాలి. ఆమె తల మీదుగా పోర్టరుతో బేరమాడటం, ఆమెను సామాను లెక్కలో కలిపి మాట్లాడటం ఎన్నిసార్లు చూశానో! అంజషా అనే ఒంటెలు తోలేవాడు స్త్రీల ఒంటెలను వేగంగా నడిపిస్తుంటే, వారిని గాజుపాత్రలతో పోలుస్తూ నెమ్మదిగా తోలమని దైవప్రవక్త (స) చెప్పారు. ఈ మాట పోర్టరుకు చెప్పవలసింది భర్తే.

భర్తే మాజూర్ అయి, భార్య తోడుగా వెళ్ళే సందర్భంలో ఇవే ఆదేశాలు వర్తిస్తాయి. అయితే ఆమెకు బరువు మోసే బలం ఉండకపోవచ్చు, కాబట్టి ఒక కొడుకో తమ్ముడో మహ్రమ్ వెంట ఉండటం అవసరం.

సముద్రం దగ్గర

ఇసుకలో చక్రాల కుర్చీ పోదు, చక్రాలు దిగబడతాయి. అందుకే ఇలాంటివారిని తీసుకెళ్ళినా రోడ్డు మీదనే ఆపి, అదిగో సముద్రం అని చూపించి వెనక్కి తీసుకొస్తారు. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో వికలాంగుల కోసం నీళ్ళకు దగ్గరగా వెళ్ళేలా 263 మీటర్ల చెక్క దారి వేశారు. కొద్ది రోజులకే డిసెంబరులో మాండూస్ తుఫానుకు అది దెబ్బతింటే బాగుచేశారు. సముద్రం పక్కన ఉన్న చెక్క కనుక, వెళ్ళే రోజు అది తెరిచి ఉందో లేదో అక్కడివారిని ముందే కనుక్కోవాలి. ఈ కుటుంబం చెన్నైనే ఎంచుకోవడానికి ఆ దారి కూడా ఒక కారణం.

వారు వెళ్ళి వచ్చారు. అత్తగారు కూడా వెళ్ళారు. ఆ చెక్క దారి చివర కోడలి కుర్చీ బ్రేకు వేసి పట్టుకొని నిలబడింది ఆమేనట. అస్ర్ వేళ అక్కడే అయితే, కోడలు కుర్చీలో కూర్చొని, అత్త పక్కన ముసల్లా పరచుకొని నమాజు చేశారు. సముద్రం వీపు వెనుక, తూర్పున ఉంది. నమాజు అయ్యాక కుర్చీని మళ్ళీ నీళ్ళ వైపు తిప్పమని కోడలు అడిగిందట.

ఈ వ్యాసం రాసే ముందు, ఏమైనా మార్చాలా అని ఆ సోదరుడి ద్వారా ఆమెను అడిగించాను. మూడు మాటలు చెప్పి పంపింది. లాడ్జి స్నానాల గది తలుపు వెడల్పు సరిపోయింది గాని లోపల గడప జానెడు ఎత్తు ఉందట, కాబట్టి తలుపుతోపాటు గడపను కూడా ఫోటో తీయమని అడగాలి. చిన్నపిల్లల బాధ్యత ఎవరిదో ఇంట్లోనే తేల్చుకోవాలి, స్టేషనులో ఆమెను ఎక్కిస్తుండగా చిన్నవాడు ఐదు నిమిషాలు కనిపించలేదు. ఇక తిరుగు ప్రయాణానికి ముందు ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా ఆమెను పడుకోనివ్వాలి, వాళ్ళు ఆ పూట కూడా చుట్టాల ఇంటికి తిప్పారు.